మనసు రోగం మొదట కనిపించేది ఇంటివారికే

మాచవరంలోని మా ఇంటి అరుగుమీద ప్రతి ఉదయం కొందరు రోగులు వచ్చి కూర్చుంటారు. కడుపుబ్బరమని ఒకరు, మోకాళ్ళ నొప్పులని ఒకరు, పైత్యమని మరొకరు వస్తారు. “నా మనసు బాగాలేదు” అని వచ్చేవారు మాత్రం బహు అరుదు. గురువుగారి ఇంట ఉండి శాస్త్రం చదువుకొని వైద్యవృత్తిలో ప్రవేశించిన నాటినుండి నేటివరకు అట్టివారిని వేళ్ళమీద లెక్కించవచ్చును. మనసు రోగాలు లోకంలో తక్కువై కాదు. అవి వేరు పేర్లతో వస్తాయి. ఆ పేర్లను చూచి నేను కూడా ఒకసారి మోసపోయాను. ఆ సంగతితోనే ఈ వ్యాసం ప్రారంభిస్తాను.

సుమారు పదేళ్ళ క్రితం, సంక్రాంతి వెళ్ళిన తరువాత, మా ప్రాంతపు మిరప రైతు ఒకాయన భార్యతో కలిసి వచ్చాడు. ఆకలి లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తున్నది, గుండెలమీద బరువు పెట్టినట్లున్నది అన్నాడు. నాడి చూచాను, నాలుక చూచాను. అగ్నిమాంద్యమని నిర్ణయించి, అన్నంలో మొదటి ముద్దతో నేతిలో కలిపి తీసుకొమ్మని హింగ్వాష్టక చూర్ణం ఇచ్చాను. ఆయన గుమ్మం దాటిన తరువాత భార్య వెనుకకు వచ్చి, “అయ్యగారూ, కాయ ఎర్రబడి చేలో ఉంది. ఈయన కోతకు కూలీలను పిలవడు. మనవరాలు వచ్చి మీద పడ్డా ఎత్తుకోడు. ఇట్టా ఎప్పుడూ లేడండీ” అన్నది. “ధర గురించిన దిగులమ్మా, అదే సర్దుకుంటుంది” అని పంపివేశాను.

మూడవసారి మందుకు రావలసిన వారంలో ఆయన ఇంట్లో ఉన్న పురుగుమందు త్రాగాడు. సమయానికి పట్టణంలోని ఆసుపత్రికి చేర్చడంవల్ల ప్రాణం దక్కింది. ఆయనకు కొన్ని నెలలుగా తీవ్రమైన మానసిక కుంగుబాటు ఉన్నదని అక్కడి మానసిక వైద్యుడు చెప్పాడు. ఏడాదికి పైగా మందులు వాడి కోలుకున్నాడు, తిరిగి చేను చేశాడు. నన్ను ఎవరూ నిందించలేదు. కాని రోగ నిర్ణయం ఆనాడు నా గుమ్మంలోనే జరిగింది. చేసినది నేను కాదు, ఆ ఇల్లాలు. “ఇట్టా ఎప్పుడూ లేడు” అన్న ఆ ఒక్క మాటలో సర్వమూ ఉన్నది.

శాస్త్రం ఏమి చెప్పింది?

రోగాలను పెంచేవాటిలో విషాదమే ముఖ్యమైనదని చరకుడు సూత్రస్థానంలో చెప్పాడు. శరీరానికి వాత పిత్త కఫాలు దోషాలైనట్లే మనస్సుకు రజస్సు, తమస్సు దోషాలని కూడా చెప్పాడు. ఉన్మాదానికి నిదానస్థానంలో ఒక అధ్యాయాన్ని, చికిత్సాస్థానంలో మరొక అధ్యాయాన్ని కేటాయించాడు. ఎనిమిది చోట్ల మనిషి తన సహజస్థితినుండి తప్పడమే ఉన్మాద లక్షణమని అక్కడి నిర్వచనం. ఆ ఎనిమిదింటిని నేటి మన ఇళ్ళకు అన్వయించి చెబుతాను. గృహిణులు వీటిని గుర్తుంచుకొంటే ఎంతో మేలు.

ఎనిమిది ఆనవాళ్ళు

1. మనస్సు: ఒకే చింత రేయింబవళ్ళు తిరుగుతూ ఉంటుంది. “నేను ఎవరికీ పనికిరాను, నావల్లనే ఇల్లు పాడైంది” అనే మాటలు వినిపిస్తాయి. చదువుమీదగాని పనిమీదగాని దృష్టి నిలువదు.

2. బుద్ధి: మంచిచెడ్డల నిర్ణయం తప్పుతుంది. అన్నంలో విషం కలిపారని, ఇరుగుపొరుగువారు తననుగురించే మాట్లాడుకొంటున్నారని గట్టిగా నమ్ముతారు. ఎంత నచ్చచెప్పినా వినరు. చేతిలో లేని డబ్బుతో పెద్ద వ్యాపారాలు తలపెట్టడం కూడా ఈ కోవలోనిదే.

3. సంజ్ఞాజ్ఞానం: ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తాయి, రూపాలు కనిపిస్తాయి. తనలో తాను నవ్వుకోవడం, జవాబు చెబుతున్నట్లు మాట్లాడుకోవడం చూస్తాము. ఏ ఊరిలో ఉన్నదీ, ఏ పూట అయినదీ తెలియకపోవడం కూడా ఇందులో చేరుతుంది.

4. స్మృతి: పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోవడం అందరికీ ఉన్నదే. నడిచే దారి మరచిపోవడం, కన్నబిడ్డ పేరు తడుముకోవడం వేరు.

5. భక్తి: ఇక్కడ భక్తి అంటే పూజ అని అర్థం చెప్పుకోరాదు. ఇష్టం, అభిరుచి అని గ్రహించవలెను. ముద్దుచేసిన మనవరాలిని ఎత్తుకోకపోవడం, ఇష్టమైన కూర వండినా ముద్ద దిగకపోవడం దీనికి గుర్తులు. నేను ఆ రైతులో గమనించక వదిలివేసినది ఇదే.

6. శీలం: శాంతస్వభావుడు చీటికిమాటికి మండిపడతాడు. పొదుపరి చేతికి ఎముక లేనట్లు ఖర్చుపెడతాడు. కలుపుగోలు మనిషి గదిలో తలుపు వేసుకొంటాడు.

7. చేష్ట: నడక, మాట మందగిస్తాయి. లేదా ఒక్కచోట నిలువలేక తిరుగుతూనే ఉంటారు. రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట ఎరుగక ఉత్సాహంగా ఉండడం మంచి లక్షణమని పొరబడరాదు.

8. ఆచారం: స్నానం మానడం, బట్ట మార్చకపోవడం, పెద్దల ఎదుట మరియాద తప్పి ప్రవర్తించడం.

వీటిలో ఏదో ఒకటి ఒకనాడు కనిపించినంతమాత్రాన భయపడనక్కరలేదు. పంట పోయినవాడు దుఃఖిస్తాడు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి అన్నం మానివేస్తుంది. అది మనిషి లక్షణం. కాని మార్పు రెండు వారాలు దాటినా తగ్గక, నిద్ర, ఆహారం, పని మూడూ చెడుతున్నప్పుడు వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళవలెను. కొలత పక్కింటివారితో పోల్చి చూచేది కాదు. మనిషిని అతని పూర్వపు స్థితితోనే పోల్చవలెను. ఆ పూర్వస్థితి తెలిసినవారు ఇంటివారే గదా! బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. వారిలో అత్యధికులకు చికిత్స అందడంలేదు కూడా.

ఆలస్యం చేయరాని సందర్భాలు

ప్రసవమైన మొదటి వారాలలో బాలింత నిద్రలేక, అసంబద్ధంగా మాట్లాడుతూ బిడ్డను దగ్గరకు రానీయకపోతే “బాలింత గాలి” అని ఊరుకోరాదు. ఆనాడే ఆసుపత్రికి చేర్చవలెను. నిన్నటివరకు బాగున్న వృద్ధులు హఠాత్తుగా కలవరిస్తే మూత్రంలో చీము, రక్తంలో ఉప్పు తగ్గడం వంటి శరీర కారణాలు ఉండవచ్చును. ఏళ్ళ తరబడి త్రాగినవారు సారా ఒక్కసారిగా మానిన రెండు మూడు రోజులలో వణుకుతూ లేనివి చూస్తే అది ప్రాణాపాయం. థైరాయిడ్ లోపం కూడా కుంగుబాటు రూపంలో రావచ్చును. కనుక రక్తపరీక్షలు అవసరమే.

చావు మాట ఎత్తినవారిని అసలు తేలికగా తీసుకోరాదు. “చస్తాననేవాడు చావడు” అనే మాట అబద్ధం. “చనిపోవాలని అనిపిస్తున్నదా నాయనా?” అని మెల్లగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పత్తి, మిరప పండించే మన పల్నాటిలో పురుగుమందు డబ్బా లేని ఇల్లు అరుదు. దానిని ఇంటినుండి తీసివేయండి, లేదా తాళం వేసి తాళంచెవి మరొకరి వద్ద ఉంచండి. శ్రీలంకలో 1995 తరువాత అతి తీవ్రమైన పురుగుమందులను నిషేధించిన పదేళ్ళలో ఆత్మహత్యలు సుమారు సగానికి తగ్గాయి. మందు చేతికి అందకపోతే ఆ ఘడియ దాటిపోతుంది. ఘడియ దాటిన మనిషి చాలాసార్లు బ్రతుకుతాడు.

గాలి, చేష్టలు, గొలుసులు

మనసు చెడినప్పుడు మన ఇళ్ళలో మొదట వచ్చే మాట “గాలి సోకింది” అని. రెండవది “బయటికి తెలిస్తే పిల్లకు సంబంధాలు రావు” అని. ఈ రెండు మాటల మధ్య నెలలు, ఏళ్ళు గడచిపోతాయి. దేవుడిని తలచుకొనవద్దని నేను అనను. మొక్కు మొక్కుకోండి, దానితోపాటు వైద్యం కూడా చేయించండి. బయటి శక్తులవల్ల కలిగే ఉన్మాదాన్ని వర్ణించిన చరకుడే, దేవతలను పిశాచాలను నిందించవద్దని, మూలం ప్రజ్ఞాపరాధమని అన్నాడు. ఆ మాటను పట్టుకొని రోగిని నిందించడం కూడా తగదు. వంశంలోని బలహీనత, మెదడులోని రసాయనాల మార్పు, మోయలేని దుఃఖం కూడా కారణాలని నేడు మనకు తెలుసు.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పవలెను. రోగిని భయపెట్టడం, కట్టివేయడం వంటివి మన ప్రాచీన గ్రంథంలో కూడా చికిత్సలుగా ఉన్నాయి. అవి నేడు ఏ వైద్యుడూ చేయరానివి. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రయంలో నిప్పు అంటుకొన్నప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు లేచి పారిపోలేక దగ్ధమైపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. అదే గ్రంథంలో మిత్రులు, ఆప్తులు మంచి మాటలతో ఓదార్చడం కూడా చికిత్సగా చెప్పబడింది. మనం స్వీకరించవలసినది దానిని.

మూలికలు ఎంతవరకు?

ఈ పత్రిక పాఠకులు “దీనికి ఆకు ఏది?” అని తప్పక అడుగుతారు. సర్పగంధి సంగతి వినండి. 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అనే వంగదేశ వైద్యులు ఈ వేరు ఉద్రేకంతో కూడిన ఉన్మాదాన్ని, రక్తపు పోటును తగ్గిస్తుందని ప్రకటించారు. 1952లో దాని సారాన్ని స్విట్జర్లాండు శాస్త్రవేత్తలు వేరుచేసి రిసర్పిన్ అన్నారు. అమెరికాలో మానసిక రోగులకు దానిని వాడారు. మన మూలికకు దక్కిన గౌరవమిది. కాని ఆ మందు కొందరిలో తీవ్రమైన కుంగుబాటు కలిగిస్తున్నదని తరువాత గమనించారు. మూలిక గనుక హాని ఉండదనుకోవడం ప్రమాదకరం. సర్పగంధిని ఇంట్లో ఎన్నడూ వాడరాదు.

పైన చెప్పిన ఎనిమిది ఆనవాళ్ళు గట్టిగా ఉన్న రోగికి నేను బ్రాహ్మీఘృతం ఇచ్చి కూర్చోబెట్టను. మానసిక వైద్యుని వద్దకు పంపుతాను. ఆయన ఇచ్చిన మందులు ఆయన చెప్పకుండా మానవద్దని, వాటితో ఏ చూర్ణమూ కలిపి వాడవద్దని, వాడదలచినచో ఇద్దరు వైద్యులకూ చెప్పమని హెచ్చరిస్తాను. తోడుగా ఇంట్లో చేయదగినవి ఇవి:

వేళకు నిద్ర, వేళకు లేవడం, ఉదయపు ఎండలో అరగంట నడక.

రాత్రి పడుకొనేముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనెతో మర్దన.

పడినవారికి ఒక గ్లాసు గోరువెచ్చని గేదెపాలు. నిద్ర కలిగించేవాటిలో ఇది శ్రేష్ఠమని చరకుడు అన్నాడు.

సాయంత్రం తరువాత కాఫీ, టీలు మానడం. సారా పూర్తిగా విడవడం (ఏళ్ళుగా త్రాగినవారు వైద్యుని పర్యవేక్షణలోనే).

రోజూ ఒక పూట అయినా ఇంటివారందరితో కలిసి భోజనం.

ఇవి చికిత్సకు తోడు మాత్రమే, దాని స్థానంలో వాడేవి కావు.

ఎక్కడికి వెళ్ళవలెను?

జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలో, వైద్య కళాశాలలకు అనుబంధమైన పెద్దాసుపత్రులలో మానసిక వైద్యులు ఉంటారు. విశాఖపట్నంలో ఇందుకోసమే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. కదలలేనివారు టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ రాత్రింబవళ్ళు ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చును.

ఆనాటినుండి నేను ఒక పద్ధతి పెట్టుకొన్నాను. నిద్ర లేదని, ఆకలి లేదని ఎవరు వచ్చినా, నాడి చూచిన తరువాత వెంట వచ్చిన మనిషివైపు తిరిగి, “అమ్మా, ఇదివరకు ఈయన ఎట్లా ఉండేవాడు?” అని అడుగుతాను. జవాబు చివరివరకూ వింటాను. మీ ఇంట ఎవరినైనా చూచి “ఇట్లా ఎప్పుడూ లేడు” అని మీకు అనిపిస్తే, ఆ మాటను లోలోపల దాచుకోకండి. వైద్యుడు తేలికగా తీసివేసినా రెండవసారి చెప్పండి. అతడూ వినకపోతే వినే వైద్యుని వద్దకు వెళ్ళండి.