గర్భిణికి ఊరి నర్సమ్మా కావాలి, పట్నం డాక్టరూ కావాలి



ఈసారి మల్బరీ తెగుళ్ల గురించి కాదు, ఇంట్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ల వైద్యం గురించి రాస్తున్నాను. ఆకు కొయ్యడం, మేత వెయ్యడం, పురుగుల్ని చంద్రికలకి ఎక్కించడం ఎక్కువగా వాళ్ల చేతుల మీదే నడుస్తాయి కాబట్టి ఇది మన పనికి బయటి సంగతి కాదు.

మన గ్రూపులో రెండు రకాల మాటలు వింటున్నాను. “సబ్ సెంటర్లో చూపిస్తున్నాం కదా, ఆసుపత్రికి ఎందుకు?” అని కొందరు. “పట్నంలో పెద్ద డాక్టరుకి చూపిస్తున్నాం, ఇక ఊరి నర్సు దగ్గర పనేముంది?” అని ఇంకొందరు. ఇద్దరూ ఒకరికి బదులు ఒకరు అనుకుంటున్నారు. అది సరికాదు. పని ఇద్దరూ పంచుకోవాలి. ఆ ఇద్దరి మధ్య కబురు తెగిపోకుండా చూసుకోవాల్సింది మనం.

చాకీ పురుగులు మనకి ఇచ్చేటప్పుడు ఏ రకం, ఏ రోజు పొదిగాయి, రెండో జ్వరం ఎప్పుడు లేచాయి అని చెప్పి ఇస్తారు. ఆ వివరం లేకపోతే షెడ్డులో ఎంత అనుభవం ఉన్నా గుడ్డిగా మేత వెయ్యాలి. గర్భిణి విషయంలో ఆ వివరం ఉండేది తల్లీబిడ్డల కార్డులో. ఎంసీపీ కార్డు అంటారు.

*ఊళ్లో జరిగే పని*

నెల తప్పిందని తెలియగానే ఆశా దీదీకి చెప్పండి. 12 వారాలు దాటకముందే పేరు రాయించాలి. ఒడిశాలో నెలకోసారి అంగన్‌వాడీ దగ్గర మమతా దివస్ జరుగుతుంది. ఏఎన్‌ఎం అక్కడికే వచ్చి బరువు, బీపీ, రక్తం, మూత్రం చూస్తుంది. ధనుర్వాతం టీకా, ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తుంది.

ఐరన్ మాత్ర నాలుగో నెల నుంచి రోజుకొకటి, మొత్తం 180 రోజులు. కాన్పు అయ్యాక మరో 180 రోజులు. ఐరన్, కాల్షియం రెండూ కలిపి వేసుకోకూడదు, మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఐరన్ వేసుకున్న వెంటనే టీ తాగితే అది ఒంటికి సరిగా పట్టదు.

మామూలుగా కనీసం 4 సార్లు చూపించుకోవాలంటారు: 12 వారాల లోపు, 14 నుంచి 26 మధ్య, 28 నుంచి 34 మధ్య, 36 తరువాత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దాన్ని 8 సార్లు చేసింది. ప్రతి నెలా మమతా దివస్‌కి వెళ్తే ఆ లెక్క చాలావరకు ఊళ్లోనే తీరిపోతుంది, బస్సు ఖర్చు లేకుండా.

ఊరి నర్సమ్మ బలం ఇక్కడే ఉంది. ఆమె తరచుగా చూస్తుంది. పోయిన నెల బీపీ 110/70 ఉండి ఈ నెల 140/90 అయితే తేడా ముందు ఆమెకే తెలుస్తుంది. పట్నం డాక్టరు ఒక్కరోజు చూసి ఆ తేడా పట్టలేరు, కార్డు చూస్తే తప్ప.

*ఆసుపత్రిలో జరిగే పని*

స్కానింగు, డాక్టరు పరీక్ష, రక్తం ఎక్కించడం, ఆపరేషను ఊళ్లో కావు. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. ఇది 2016లో మొదలైంది. నాలుగో నెల వచ్చాక ఒక్కసారైనా ఆ రోజు వెళ్లాలి. 24 వారాల లోపు ఒక స్కానింగు అవసరం.

కిందివాటిలో ఏది ఉన్నా ఊరి చూపు ఒక్కటే చాలదు, డాక్టరు చూపు కూడా ఉండాలి:

– ముందు కాన్పు ఆపరేషను అయినవాళ్లు
– కవలలు, బిడ్డ అడ్డం తిరిగినవాళ్లు
– బీపీ, షుగరు ఉన్నవాళ్లు
– రక్తం (హిమోగ్లోబిన్) 7 కంటే తక్కువ ఉన్నవాళ్లు. 11 కంటే తక్కువైతేనే రక్తహీనత, 7 కంటే దిగితే ప్రమాదం
– సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు

సికిల్ సెల్ మన కోరాపుట్ వైపు ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఆ పరీక్ష ఒకసారి చేయించండి. జబ్బు ఉందని తేలితే ఏ మాత్రలు ఎంత వాడాలో డాక్టరే చెప్పాలి. ప్రమాదం ఉన్నవాళ్ల కార్డుకి ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. దాన్ని చూసి సిగ్గుపడి కార్డు దాచకండి. అది చూస్తే ఏ ఆసుపత్రిలోనైనా ముందు పిలుస్తారనే దాన్ని పెట్టింది.

*మధ్యలో కబురు ఎక్కడ తెగుతుంది*

కిందటేడు మా వీధిలో ఒక పిల్లని బీపీ ఎక్కువైందని ఒక ఆసుపత్రిలో చేర్చి, మూడు రోజుల తరువాత ఇంటికి పంపారు. “రెండు రోజులకొకసారి బీపీ చూపించాలి” అని చీటీలో రాశారు గానీ అది ఇంగ్లీషులో ఉంది, నోటితో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో వాళ్లు చీటీని పర్సులో పెట్టుకున్నారు. ఏఎన్‌ఎంకి ఆ పిల్ల ఆసుపత్రికి వెళ్లిన సంగతే తెలియదు. వారం తరువాత తలనొప్పితో మళ్లీ పరుగెత్తాల్సి వచ్చింది. తల్లీబిడ్డా దక్కారు, అదృష్టం.

అందుకని మూడు పనులు పెట్టుకోండి.

ఒకటి, ఎక్కడికి వెళ్లినా కార్డు చేతిలో ఉండాలి. ప్రతి పేజీ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

రెండు, ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు అడగండి: “ఊళ్లో నర్సు ఏం చూడాలి? ఎన్ని రోజులకి? మళ్లీ మేం ఎప్పుడు రావాలి?” జవాబు కార్డులోనే రాయమనండి.

మూడు, ఊరికి వచ్చిన రోజే ఆ చీటీ ఫొటో ఏఎన్‌ఎంకి గానీ సబ్ సెంటరు సీహెచ్‌ఓకి గానీ పంపండి. చీటీలో ఏముందో వాళ్లు చదివి చెప్తారు.

*పుట్టింటికి పంపేటప్పుడు*

మన తెలుగు ఇళ్లలో తొలికాన్పు పుట్టింట్లో. జయపురం నుంచి సాలూరు, విజయనగరం, రాయగడ నుంచి పార్వతీపురం వెళ్తుంటారు. రాష్ట్రం మారినా కార్డు మారదు. దాని మీద ఆర్‌సీహెచ్ నంబరు ఉంటుంది. అక్కడి ఏఎన్‌ఎం ఆ నంబరుతోనే రాసుకుంటుంది. వెళ్లేముందు ఇక్కడి ఆశా దీదీకి చెప్పండి, లేకపోతే ఇక్కడ “రాలేదు” అని, అక్కడ “తెలియదు” అని రెండు చోట్లా పేరు జారిపోతుంది. నెలలు నిండాక ఘాటు రోడ్డు ప్రయాణం పెట్టుకోవద్దు. మమతా పథకం, జననీ సురక్షా యోజన డబ్బులకి కూడా కార్డులో రాతలే ఆధారం.

*షెడ్డు పనికి సంబంధించి*

ఫార్మలిన్, బ్లీచింగు కొట్టేటప్పుడు గర్భిణి షెడ్డు దగ్గరికి రాకూడదు. ఆకు మోపులు ఎత్తడం, స్టాండు ఎక్కడం మానిపించాలి.

ఇంకొక లెక్క. ఆఖరి నెలసరి మొదటి రోజుకి 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ. సరిగ్గా ఆ రోజే కనేవాళ్లు తక్కువ. దానికి మూడు వారాల ముందు నుంచే ఎప్పుడైనా రావచ్చు. ఒక పంటలో మొత్తం ఆకులో నూటికి 80 వంతుల పైన ఐదో దశలోనే పడుతుంది, అప్పుడు ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. ఆ వారం ఈ మూడు వారాల్లో పడకుండా గుడ్లు తెచ్చే తేదీ చూసుకోండి. నొప్పులు వచ్చినప్పుడు “ఈ మేత వేసి బయలుదేరదాం” అనే మాట రాకూడదు.

*ఎవరినీ అడక్కుండా నేరుగా ఆసుపత్రికి*

రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, తల పగిలేంత నొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా, ముఖం చేతులు వాచినా, ఫిట్స్ వచ్చినా, ఆయాసం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా సబ్ సెంటరు తెరిచేదాకా ఆగొద్దు. 108కి గానీ 102కి గానీ ఫోన్ చేసి బయలుదేరండి. దారిలో ఆశా దీదీకి చెప్పవచ్చు. జ్వరమైతే అదే రోజు మలేరియా పరీక్ష చేయించాలి. గర్భిణికి మలేరియా మందు నెలలను బట్టి మారుతుంది, ఇంట్లో మిగిలిన మాత్రలు వెయ్యకండి.

రోడ్డు లేని కొండ ఊళ్ల వాళ్లకోసం ఒడిశాలో కొన్ని ఆసుపత్రుల దగ్గర ‘మా గృహ’లు ఉన్నాయి. కాన్పుకి కొద్ది రోజుల ముందే వెళ్లి ఉండవచ్చు. మీకు దగ్గరలో ఎక్కడ ఉందో ఎనిమిదో నెలలోనే అడిగి తెలుసుకోండి.

కాన్పు అయ్యాక కూడా కబురు వెనక్కి రావాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే ఆశా దీదీ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనీ చూడాలి. ఆమెకి డిశ్చార్జి చీటీ చూపించండి. రాకపోతే ఫోన్ చేసి పిలవండి, మొహమాటం వద్దు.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఆశా, ఏఎన్‌ఎం, 108, 102 నంబర్లు, కాన్పు తేదీ, బ్లడ్ గ్రూపు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు తలుపుకి కట్టండి. పంట రోజుల్లో మనందరం ఉండేది అక్కడే.