చలికాలంలో రేకుల గదిలో కుట్టుపని

డిసెంబరు నెల వచ్చిందంటే కుట్టుమిషను ఉన్న ఇంట్లో తల్లికి నిద్ర ఉండదు. క్రిస్మసు బట్టల పని అంతా ఆ మూడు నాలుగు వారాల్లోనే మీద పడుతుంది. కృష్ణపట్నంలో మా అక్క తన ఇంటి వెనుక చిన్న రేకుల గదిలో చాలా ఏండ్లుగా కుడుతున్నది. ఆ గదిని చలికాలానికి ఎట్లా సరిచేసుకొన్నామో మీతో చెప్పాలనిపించింది. కొద్దిలో తప్పింది గాని, ఆ గది మా ఇంట్లో ఒక ప్రాణం తీసి ఉండేది.

కృష్ణపట్నంలో చలేమిటని నవ్వకండి. చింతపల్లి దగ్గర లంబసింగిలో లాగా నీళ్లు గడ్డకట్టే చలి మాకు లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 20 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. కాని నెల్లూరు తీరానికి వానలు ఎక్కువగా పడేది ఈశాన్య ఋతుపవనాల్లోనే, అంటే అక్టోబరు నుండి డిసెంబరు దాకా. సముద్రం ఒకవైపు, కండలేరు ఉప్పుకయ్య మరొకవైపు. ముసురు పట్టిందంటే చలికంటె చెమ్మే ఎక్కువ బాధిస్తుంది. గుడ్డ ఆరదు, సూది తుప్పుపడుతుంది, మిషను బిగుసుకొంటుంది.

వాన వెలిసిన తరువాత మరో తంటా. తెల్లవారి లేచి చూస్తే, కుట్టి మడిచిపెట్టిన తెల్ల గౌను మీద తుప్పు చుక్కలు! కప్పు ఎక్కడా కారడం లేదు. మరి నీళ్లెక్కడివి? ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి ఇనుప రేకు తన వేడిని పైకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటె చల్లబడుతుంది. గదిలోని తేమ ఆ రేకు అడుగున నీరై పట్టి చుక్కలుగా రాలుతుంది. చన్నీళ్ల చెంబుకు బయట చెమ్మ పట్టడం చూస్తాము గదా, అదే ఇది. ఉప్పుగాలికి రేకు ముందే తుప్పెక్కి ఉంటుంది కాబట్టి మరక వదలదు. ఆ గౌను గుడ్డకు అక్కే డబ్బు కట్టుకొన్నది.

ఈ చెమ్మ బాధ పడలేక ఒక ముసురు రోజున అక్క కుంపటి లోపలికి తెచ్చుకొన్నది. పక్కన బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఈదురుగాలి కొడుతోందని తలుపు మూసి, కిటికీ సందుల్లో గోనెపట్టాలు దోపింది. పదేండ్ల మేనకోడలు పక్కనే చాపమీద పడుకొంది. నేను నెల్లూరునుండి సాయంకాలం బస్సు దిగి వెళ్లి తలుపు తడితే చాలాసేపటికి తీసింది. గుమ్మం పట్టుకొని, "ఏందిరా, తలకాయ పగిలిపోతా ఉండాది, కళ్లు తిరగతా ఉండాయి" అన్నది. పిల్లను పిలిస్తే పలకలేదు. ఎత్తుకొని వానలోనే వాకిట్లోకి పరుగెత్తాను. కాసేపటికి వాంతి చేసుకొని కళ్లు తెరిచింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, మరునాడు పంపించారు.

బొగ్గు సరిగా గాలి అందక కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమించుకొంటుంది. ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. "పొగ రాలేదు గదరా, నిప్పులు ఎర్రగానే ఉండాయే!" అని అక్క ఇప్పటికీ అంటుంది. ప్రియ సోదరీమణులారా, పొగ లేనంత మాత్రాన విషం లేదని కాదు. మూసిన గదిలో కుంపటి గాని, బొగ్గుల ఇస్త్రీపెట్టె గాని పెట్టవద్దు. తలనొప్పి, తల తిరగడం, వాంతి ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే జలుబని పడుకోక వెంటనే ఆరుబయటికి రండి. 108కి ఫోను చేయండి.

తరువాత బావా నేనూ కలిసి కప్పు పని పట్టాము. రేకుల మీద తాటాకు మందంగా పరచి, గాలికి లేవకుండా తాళ్లతో బిగించాము. ఆకుల మధ్య నిలిచిన గాలే కప్పుకు దుప్పటి. రాత్రి రేకు చల్లబడదు, చెమ్మ పట్టదు. చలిదేశాల్లో గోడలమధ్య దూదివంటి పదార్థాలు కూరేదీ ఈ సూత్రం మీదనే. మే నెలలో 40 డిగ్రీలు దాటినప్పుడు అదే తాటాకు ఎండను ఆపుతుంది. ఆకు దొరకనివారు వేసవికి రేకుమీద తెల్ల రంగు వేసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమే ప్రకటించింది. అయితే తెల్ల రంగు చలికాలపు చుక్కలను ఆపదు. ఆస్బెస్టాస్ రేకులున్నవారు వాటిని కోయడం, రంధ్రాలు వేయడం చేయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని.

అన్ని పనులకూ చెమ్మ శత్రువు కాదండోయ్. వెంకటగిరిలో గుంట మగ్గం మీద నేసేవారికి కొంచెం తేమ ఉంటేనే నూలు తెగదు. అయితే వానలు ముదిరి గుంటలోకి నీరు ఊరితే మగ్గం ఆగిపోతుంది, కూలీ పోతుంది. వారి కష్టం ముందు మాది ఏపాటి!

గాలి ఈశాన్యంనుండి కొడుతుంది కాబట్టి ఆ వైపు కిటికీకి తడిక కట్టి, ఎదుటివైపు చూరు కింద జానెడు సందు ఎప్పుడూ తెరిచి ఉంచాము. లోపలి చెమ్మగాలి అటునుండి పోతుంది. మిషనును ఇటుకల మీదికి ఎత్తి, రాత్రి పని కాగానే నూనె వేసి గుడ్డ కప్పుతున్నది. కుట్టిన బట్టలు ట్రంకుపెట్టెలోకి వెళుతున్నాయి. ఇస్త్రీ మాత్రం వాన కొట్టినా, ఈదర కొట్టినా బయటి వరండాలోనే. మొన్న ముసురులో నేను వెళ్లేసరికి భుజాలమీద దుప్పటి కప్పుకొని అక్కడే నిలబడి ఇస్త్రీ చేస్తూ ఉన్నది.