మూషిక జింక: జంతుశాల నుండి నల్లమలకు

జంతుప్రదర్శనశాల ద్వారం దాటిన వారిలో నూటికి తొంబదిమంది మొదట అడిగే ప్రశ్న ఒకటే: "తెల్లపులి ఎటువైపు ఉన్నది?" కొంతకాలం క్రిందట హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలకు పోయినప్పుడు నేనూ ఆ ప్రశ్నే అడిగినాను. మీర్ ఆలం చెరువును ఆనుకొని 1963లో ప్రజల కొరకు తెరువబడిన ఆ విశాలమైన తోటలో, నాకు దారి చూపవచ్చిన సంరక్షకుడు చిరునవ్వు నవ్వి, "తెల్లపులిని అందరూ చూస్తరు సార్. మీరు రేడియోల చెప్పేటోళ్లు గద, ఎవరూ చూడనిది చూపిస్త రాండ్రి," అన్నాడు.

ఆయన నన్ను తీసుకొనిపోయిన చోటికి సందర్శకులకు ప్రవేశం లేదు. చెట్లనీడలో వరుసగా కొన్ని ఆవరణలు; వాటిలో పొదలు, ఎండుటాకులు, మట్టి. ఎంతసేపు చూచినా అంతకు మించి నా కంటికి ఏమీ కనబడలేదు. "ఇందులో ఏమున్నది?" అన్నాను. "అది మిమ్మల్ని ఎప్పుడో చూసింది సార్. మీరే ఇంక చూడలే," అన్నాడాయన. మరి నాలుగు నిమిషాలకు ఎండుటాకుల కుప్పలో ఒక భాగం రెండు నల్లని కన్నులు తెరచినట్లు తోచినది. అదే మూషిక జింక.

పేరులో ఎలుక, జింక రెండూ ఉన్నవి గాని ఈ జంతువు ఎలుకా కాదు, శాస్త్రరీత్యా జింకా కాదు. జింకలకు, పశువులకు దూరపు బంధువైన ప్రాచీన కుటుంబానికి చెందినది. ఎత్తు జానెడు మీద కొంచెం. బరువు సుమారు మూడు కిలోలు. మగదానికి గాని ఆడదానికి గాని కొమ్ములుండవు. మగదానికి పైదవడలో రెండు కోరలు కొద్దిగా బయటికి పొడుచుకొని ఉండును. నెమరువేసే పశువులకు సాధారణంగా కడుపులో నాలుగు అరలుండగా దీనికి మూడే. గోధుమవన్నె శరీరం మీద తెల్లని చుక్కలు, చారలు. ఆకుల సందుల నుండి నేలమీద పడిన వెలుతురు వలె కనబడును. పగలు పొదలలో కదలక దాగి, రాత్రివేళ రాలిన పండ్లు, ఆకులు వెదకికొని తినును. పండు తిని గింజను మరొకచోట విడుచుట వలన అడవిలో మొక్కలు మొలచుటకు ఇది తోడ్పడును. చిరుతకు, కొండచిలువకు ఇది ఆహారం కూడ.

భారతదేశమంతటా చూచినచో ఈ జాతి ఇంకను పూర్తిగా అంతరించే స్థితికి రాలేదు. కాని అడవి పలుచబడిన చోట, ఉచ్చులు పన్నే చోట, ఊరకుక్కలు అడవిలోకి చొరబడే చోట మొదట మాయమయ్యేది ఇటువంటి చిన్న ప్రాణియే. పులి తగ్గినచో దేశమంతా తెలియును. ఇది తగ్గినచో ఎవరికీ తెలియదు. అందువలననే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి పులితో సమానమైన రక్షణ కల్పించినది.

2010లో కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ, నెహ్రూ జంతుప్రదర్శనశాల, కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి చెందిన లాకోన్స్ ప్రయోగశాల కలసి ఈ మూషిక జింకల పెంపకం ఆరంభించినవి. మొదట ఉన్నవి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. ఒక దశాబ్దం తిరుగకముందే వాటి సంతతి రెండు వందలు దాటినది. ఇది వినుటకు సులభంగా తోచవచ్చును. ఆడదానిని, మగదానిని ఒకచోట ఉంచినచో పిల్లలు పుట్టక మానునా అని మనం అనుకొందుము. కష్టమంతా అక్కడనే ఉన్నది.

మన పల్లెలలో పశువును సాకే రైతుకు ఎద, చూడి, ఈత అనే మూడు మాటలు బాగుగా తెలియును. ఆవు ఎదకు వచ్చినదీ లేనిదీ అరుపును బట్టి చెప్పగలడు. చూడి నిలిచినదీ లేనిదీ నెలలు గడచిన కొద్దీ చూచి చెప్పగలడు. మూషిక జింక విషయంలో ఈ గుర్తులేవీ పనికిరావు. అది అరవదు, దగ్గరకు రాదు. పట్టుకొని పరీక్షింపబోయినచో బెదరి గోడకు కొట్టుకొని గాయపడవచ్చును. కాబట్టి దానిని ముట్టుకొనకుండ దాని గర్భం సంగతి తెలుసుకొనవలెను. ఇందుకు ప్రయోగశాలవారు అనుసరించే మార్గం విచిత్రమైనది. ఉదయం ఆవరణలో పడియున్న పెంటికలను ఏరి, ఏది ఏ జంతువుదో గుర్తుపెట్టి పంపుదురు. గర్భధారణకు సంబంధించిన హార్మోనుల అవశేషాలు ఆ పెంటికలలో దొరకును. వాటి పరిమాణం పెరిగి నిలిచినచో చూడి నిలిచినదని తెలియును. జంతువుకు తెలియకుండగనే దాని శుభవార్త మనుష్యులకు చేరిపోవును!

చూడి కాలం సుమారు ఐదు నెలలు. సాధారణంగా ఒకే పిల్ల పుట్టును. తల్లి దానిని పొదలో దాచి, నడుమ నడుమ వచ్చి పాలిచ్చి పోవును. ఇందులో మరొక విశేషమున్నది. ఈనిన కొద్ది గంటలలోనే తల్లి మరల మగదానితో కలియును. అనగా ఒక చూడి ముగిసిన దినమే మరొక చూడికి ప్రారంభం కావచ్చును. ఏడాదికి రెండు ఈతలు సాధ్యమగును. సంఖ్య త్వరగా పెరుగుటకు కారణమిదే. జాగ్రత్త అవసరమగుటకును కారణమిదే. ఈనే సమయానికి ఆవరణలో ఏ మగది ఉన్నదో, తరువాతి పిల్లకు అదే తండ్రి. ఆ దినం సంరక్షకుడు ఏమరినచో కావలసిన జత తప్పి కాని జత కుదురును.

కాని జత అనగా ఏమి? మన పూర్వులు దీనిని ప్రయోగశాలలు లేకయే గ్రహించిరి. గ్రామానికి విడిచిన ఆబోతును కొన్నేళ్లకు మార్చి, పొరుగూరి నుండి వేరొకదానిని తెచ్చుట అనేక పల్లెలలో వాడుక. దాని కూతుళ్లు ఎదకు వచ్చునప్పటికి అది అక్కడ ఉండరాదు. దగ్గరి రక్తంలో పిల్లలు పుట్టినచో, ఇరువైపులా దాగియున్న లోపం ఒక్కచోట కూడి బయటపడును. మేనరికాల విషయంలో వైద్యులు నేడు మనకు చెప్పునదియు ఇదే. కొద్ది జంతువులతో మొదలైన మందలో నాలుగు తరాలు గడచునప్పటికి అందరూ అందరికీ బంధువులే. కనుక ఏ పిల్లకు ఎవరు తల్లి, ఎవరు తండ్రి, ఏ దినం పుట్టినది అనునవి ఒక వంశావళి పుస్తకంలో వ్రాసిపెట్టి, ఎంత దూరపు బంధువులకు వీలైన అంత దూరపు బంధువులనే జతపరచవలెను. కొన్నింటిని ఒంటరిగా ఉంచవలసియు వచ్చును. మంచి జంతుశాలలో పెంచకుండుట కూడ పెంపకంలో భాగమే.

ఇక్కడ మనం మొదట అడిగిన తెల్లపులి కథ జ్ఞాపకం చేసుకొనవలెను. 1951లో రీవా మహారాజు అడవిలో ఒక తెల్లపులి పిల్ల పట్టుబడగా దానికి మోహన్ అని పేరు పెట్టిరి. మామూలు రంగు ఆడపులితో జతపరచినప్పుడు దానికి పుట్టిన పిల్లలన్నియు మామూలు రంగువే. తెలుపు కావలెనన్న కోరికతో తరువాత మోహన్‌ను దాని కూతురైన రాధతోనే జతపరచిరి. 1958లో నాలుగు తెల్లపిల్లలు పుట్టినవి. తల్లి నుండి, తండ్రి నుండి ఆ లక్షణం రెండు పాళ్లూ అందిననే గాని తెలుపు బయటపడదు; ఆ రంగును నిలుపుటకు దగ్గరి రక్తంలోనే జతలు కుదుర్చుచు పోయిరి. ఆ సంతతి దేశదేశాల జంతుశాలలకు వ్యాపించినది. జనం విరగబడి చూచిరి. కాని తెల్లపులులలో కొన్నింటికి మెల్లకన్ను ఉండుట, దగ్గరి రక్తపు సంతతిలో ఇతర లోపాలు కనబడుట వెనుక తెలిసినది. ఆ పెంపకం చూపరుల కొరకు జరిగినది. అడవికి దాని వలన కలిగిన మేలు లేదు.

ఇందుకు ఎదురుగా మరొక కథ ఉన్నది. చైనాలో మిలూ అనే జింక అడవిలో ఏనాడో నశించి, పీకింగు చక్రవర్తుల వేటతోటలో మాత్రమే మిగిలియుండెను. 1900 ప్రాంతపు వరదలలో, అల్లర్లలో అక్కడనూ లేకుండ పోయెను. అదృష్టవశాత్తు అంతకుముందే కొన్ని ఐరోపాకు చేరియుండెను. ఇంగ్లండులో బెడ్‌ఫర్డు ప్రభువు పదునెనిమిదింటిని ఒక్కచోట చేర్చి తన తోటలో పెంచెను. ఆ మందలోని జింకలే 1985లో చైనాకు, పూర్వపు వేటతోట ఉన్న స్థలానికే తిరిగిపోయినవి. బోనులో పుట్టిన ప్రాణి అడవి ద్వారం వరకు నడువగలదనుటకు ఇది ఒక నిదర్శనం.

మన మూషిక జింక సంగతియు అట్లే మలుపు తిరిగినది. 2017లో తొలివిడతగా ఎనిమిదింటిని నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యానికి తరలించిరి. తీసుకొనిపోయి పొదలో వదలివచ్చుట కాదు. అడవిలోనే కొంత భాగానికి కంచె కట్టి మొదట అందులో ఉంచిరి. వేళకు గిన్నెలో మేత వచ్చుటకు అలవాటుపడిన ప్రాణి, రాలిన పండును తానే వెదకికొనుట నేర్వవలెను. పిడుగుకు, వానకు, నక్క వాసనకు అలవాటుపడవలెను. రాత్రివేళ వాటి కదలికలను తమంతట తామే పనిచేసే కెమెరాలతో గమనించిరి.

ఆ ఆవరణల యెదుట నిలువబడి సంరక్షకుని ఒక మాట అడిగినాను. "ఇన్నేళ్లు సాకినారు గదా, వీటికి పేర్లు పెట్టినారా?"

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. "నంబర్లే సార్. పేరు పెడితే పిలువబుద్ధి అయితది. పిలిస్తే దగ్గరికొస్తది. మనిషి దగ్గరికొచ్చే జంతువు అడివిల బతుకుతదా? అందుకే మేత పెట్టి ఎనక్కి తిరుగుత. నన్ను చూసి ఉరికిపోతె, మంచిగనే పెంచిన అనుకుంట."

ఆ మాట నాకు తిరిగివచ్చునప్పుడంతా వినబడుచునే ఉన్నది. ఏ పెంపుడు ప్రాణినైనను సాకినవారికి అది తమను గుర్తుపట్టవలెనని కోరిక. తనను మరువవలెనని, తనను చూచి భయపడవలెనని కోరుకొనుచు ప్రతిదినం వేళతప్పక మేతపెట్టుట ఎంత కఠినమైన ప్రేమ! ఆయన చేతిలో ఒక పాత నోటుపుస్తకముండెను. ఏ ఆవరణలో మేత ఎంత మిగిలినది, ఏది కుంటుచున్నది, ఏది నిన్నటినుండి పొద వీడలేదు అని అందులో దినదినమూ వ్రాతలు. ప్రయోగశాలలోని యంత్రాలు చెప్పే సంగతులకు ఆధారం ఆ నోటుపుస్తకమే. ఏ పెంటిక ఏ జంతువుదో ఉదయం సరిగా గుర్తింపబడనిచో సాయంకాలం యంత్రం చెప్పే జవాబు తప్పే యగును.

ఈసారి మీరు పిల్లలతో జంతుప్రదర్శనశాలకు పోయినప్పుడు తెల్లపులిని చూడవద్దని నేననను. చూడండి. దానితోపాటు, ఏ ఆవరణయెదుటనైనను ఏమీ కనబడనిచో, గాజును తట్టకుండ, రాయి విసరకుండ, కేక వేయకుండ ఐదు నిమిషాలు నిలువుడు. దాగియున్న ప్రాణి దాగియుండుట నేరం కాదు. దాని బ్రదుకే అది. అక్కడ పనిచేయుచున్న సంరక్షకుడు కనబడినచో, ఈ ఏడు ఏవి ఈనినవి, ఏవి అడవికి పోయినవి అని అడుగుడు. ఎన్ని జంతువులున్నవి అను ప్రశ్నకంటె ఎన్ని వెళ్లిపోయినవి అను ప్రశ్నకు వారు ఎక్కువ సంతోషంతో జవాబు చెప్పుదురు.

నేను తిరిగివచ్చునప్పుడు ఒక ఆవరణ ఖాళీగా ఉండుట చూచి, అందులోనిది చనిపోయినదేమో యని జంకుచు అడిగినాను. సంరక్షకుడు తల అడ్డంగా ఊపి, దక్షిణదిక్కుకు, నల్లమల వైపు చేయి చూపినాడు.