చెరువు నీటి మీటర్లు నిజం చెబుతున్నాయా? ఆక్వా రైతులు సొంతంగా చేసుకోదగిన పరీక్షలు

ఏరియేటర్లు ఎప్పుడు వేయాలి, మేత తగ్గించాలా, నీరు మార్చాలా అనే నిర్ణయాలు చాలా చెరువుల మీద ఇప్పుడు మీటరు చూపే అంకెను బట్టే జరుగుతున్నాయి. కొలిచి చూసి నిర్ణయం తీసుకోవడం మంచి అలవాటే. అయితే ఆ అంకె తప్పయితే నిర్ణయం కూడా తప్పుతుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ (డీఓ) 3 పీపీఎంకు పడిపోయినా మీటరు 4 అని చూపిస్తే, ఇంకా పర్వాలేదని ఏరియేటర్లు వేయకుండా ఉండిపోతాం. దాని నష్టం పట్టుబడి రోజున కనిపిస్తుంది. అందుకే నీటిని పరీక్షించే మీటరును కూడా అప్పుడప్పుడు పరీక్షించాలి.

స్వతంత్ర పరీక్ష అంటే ఏమిటి?

మీటరు పెట్టె మీద 'ఖచ్చితత్వం ± 0.1' అని ఉంటుంది. అది తయారీదారు చెప్పే మాట. తయారీదారుతోనూ, అమ్మేవారితోనూ సంబంధం లేని వారు అదే మీటరును తెలిసిన విలువగల నీటిలో ముంచి, ఏమి చూపిందో రాసి ప్రకటిస్తే అది స్వతంత్ర పరీక్ష. అమెరికా పర్యావరణ సంస్థ 1995లో ఇలాంటి ధ్రువీకరణ కార్యక్రమాన్ని మొదలుపెట్టి, నీటి మీటర్లను ప్రయోగశాలలోనూ, బయట నిజమైన నీటిలోనూ పరీక్షింపజేసింది. బ్రిటన్‌లో మురుగునీటిని కొలిచే పరికరాలకు 'ఎంసర్ట్స్' అనే పథకం ఉంది.

ఈ పరీక్షల్లో ముఖ్యంగా చూసేవి ఇవి:

1. అసలు విలువకు ఎంత దగ్గరగా చూపుతోంది?
2. అదే నీటిని పదిసార్లు కొలిస్తే పదిసార్లూ ఒకే అంకె వస్తోందా?
3. రోజులు గడిచేకొద్దీ అంకె పక్కకు జరుగుతోందా?
4. ఎండ, ఉప్పదనం, బురద, నాచు వల్ల ఎంత తేడా వస్తోంది?
5. ఒకే మోడల్‌లోని రెండు మీటర్లు ఒకే అంకె చూపుతున్నాయా?

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మీటరుతో పాటు వచ్చే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఆ ఒక్క మీటరు ఆ ఒక్క రోజు ఎలా పనిచేసిందో మాత్రమే చెబుతుంది. నాలుగు నెలలు చెరువు నీటిలో నానిన తర్వాత ఎలా ఉంటుందో అందులో ఉండదు. ఆ సంగతి మీ చెరువు గట్టు మీద మీరే తేల్చుకోవాలి. అందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు.

డీఓ మీటరుకు రెండు పరీక్షలు

మొదటిది గాలి పరీక్ష. శుభ్రమైన మంచినీరు ఒక బకెట్‌లో తీసుకుని, చేపల తొట్టెకు వాడే చిన్న గాలి పంపును అరగంటకు పైగా నడపండి. నీరు గాలిలోని ఆక్సిజన్‌తో నిండుతుంది. ఆ నీటి ఉష్ణోగ్రతను బట్టి డీఓ ఎంత ఉండాలో ముందే తెలుసు. సముద్రమట్టానికి దగ్గరగా ఉండే మన కోస్తా ప్రాంతాల్లో ఈ విలువలు సరిపోతాయి:

- 24 డిగ్రీల వద్ద 8.4 పీపీఎం
- 26 డిగ్రీల వద్ద 8.1
- 28 డిగ్రీల వద్ద 7.8
- 30 డిగ్రీల వద్ద 7.6
- 32 డిగ్రీల వద్ద 7.3

మీటరు దీనికి 0.3 లోపు తేడాతో చూపిస్తే బాగున్నట్టే. అంతకు మించితే కాలిబ్రేషన్ చేసి మళ్లీ చూడండి.

రెండోది సున్నా పరీక్ష. చాలామంది దీన్ని వదిలేస్తారు. ల్యాబ్ రసాయనాల దుకాణాల్లో సోడియం సల్ఫైట్ దొరుకుతుంది. గ్లాసు నీటిలో ఒక టీస్పూను కలిపితే అందులోని ఆక్సిజన్ మొత్తం ఖర్చైపోతుంది. ప్రోబును అందులో ఐదు నిమిషాలు ఉంచండి. అంకె దాదాపు సున్నాకు రావాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక లెక్కలో చూడండి. గాలి పరీక్షలో 7.5 దగ్గర సరిగ్గా చూపిన మీటరు సున్నా దగ్గర 1.5 చూపుతోందనుకుందాం. అప్పుడు చెరువులో నిజంగా 3 ఉంటే అది 3.9 అని చూపుతుంది. పగలు సరిగ్గానే ఉందనిపించిన మీటరే, ప్రమాదం ఉండే తెల్లవారుజామున మోసం చేస్తుందన్నమాట. పరీక్ష అయ్యాక ప్రోబును మంచినీటితో బాగా కడగండి. ఆ ద్రావణాన్ని చెరువులో పోయవద్దు.

ఉప్పునీటి చెరువుల రైతులు మరో విషయం చూసుకోవాలి. ఉప్పదనం పెరిగితే నీటిలో ఆక్సిజన్ పట్టే శక్తి తగ్గుతుంది. 30 డిగ్రీల వద్ద మంచినీటిలో 7.6 పట్టే చోట, 20 పీపీటీ నీటిలో సుమారు 6.8 మాత్రమే పడుతుంది. మీటరులో సెలైనిటీని సున్నా దగ్గరే వదిలేస్తే, ఉన్నదానికంటే పదో వంతుకు పైగా ఎక్కువ చూపుతుంది.

పొర ఉన్న పాతరకం ప్రోబులు కొలిచేటప్పుడు కొంత ఆక్సిజన్ వాడుకుంటాయి. వాటిని నీటిలో మెల్లగా కదుపుతూ ఉండాలి, లేదంటే అంకె తగ్గిపోతుంది. కాంతితో పనిచేసే ఆప్టికల్ ప్రోబులకు ఈ బాధ లేదు, కానీ వాటి క్యాప్‌ను గడువు ప్రకారం మార్చాలి.

పీహెచ్ మీటరు తప్పితే అమ్మోనియా లెక్కా తప్పుతుంది

చెరువు పీహెచ్ సాధారణంగా 7 నుంచి 9 మధ్య ఉంటుంది. కాబట్టి 7, 10 బఫర్లతో కాలిబ్రేషన్ చేయండి. ఆ తర్వాత అదే సీసాలోని బఫర్‌తో సరిచూస్తే ప్రయోజనం లేదు. బఫర్ పాడై ఉంటే మీటరు కూడా దానితో పాటే తప్పు నేర్చుకుని, సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. వేరే సీసాలో, వీలైతే వేరే కంపెనీ బఫర్‌లో ముంచి చూడండి. 0.1 లోపు తేడా ఉంటే చాలు. 10 బఫర్ గాలి తగిలితే త్వరగా దిగిపోతుంది, కాబట్టి వాడినదాన్ని తిరిగి సీసాలో పోయవద్దు. ప్రోబును డిస్టిల్డ్ నీటిలో నిల్వ ఉంచవద్దు, దానికిచ్చే ద్రావణంలోనే ఉంచండి.

పీహెచ్‌లో అర పాయింటు తేడా చిన్నదనిపిస్తుంది. కానీ నీటిలోని మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్‌ను బట్టే మారుతుంది. 30 డిగ్రీల వద్ద మంచినీటిలో పీహెచ్ 8 ఉంటే ఆ భాగం సుమారు 7 శాతం. 8.5 ఉంటే 20 శాతం. 9 అయితే 45 శాతం దాకా వెళ్తుంది. అసలు 8.5 ఉన్నచోట మీటరు 8 చూపిస్తే, ప్రమాదాన్ని దాదాపు మూడో వంతుగా లెక్కేసుకున్నట్టే.

సెలైనిటీ, టీడీఎస్, రంగు కిట్లు

రిఫ్రాక్టోమీటరును నీడలో ఉంచి, డిస్టిల్డ్ నీటి చుక్కతో సున్నా చూసుకున్నాకే వాడండి. టీడీఎస్ మీటర్లు నిజానికి నీటిలోని విద్యుత్ వాహకతను (ఈసీ) కొలిచి, దాన్ని ఒక అంకెతో గుణించి చూపుతాయి. కొన్నింటిలో ఆ అంకె 0.5, కొన్నింటిలో 0.7. అందుకే ఒకే నీటికి రెండు మీటర్లు వేర్వేరు టీడీఎస్ చూపవచ్చు, రెండూ పాడైనట్టు కాదు. పోల్చేటప్పుడు ఈసీతోనే పోల్చండి. 25 డిగ్రీల వద్ద 1413 మైక్రోసీమెన్స్ ఉండే ప్రామాణిక ద్రావణం దుకాణాల్లో దొరుకుతుంది.

అమ్మోనియా, నైట్రైట్ రంగు కిట్లలో ముందు గడువు తేదీ చూడండి. ఉప్పునీటికి పనికొస్తుందా అన్నదీ చూడండి. డిస్టిల్డ్ నీటితో పరీక్షిస్తే సున్నా రంగే రావాలి. అలా రాకపోతే ఆ కిట్‌ను నమ్మవద్దు.

చెరువులో మూడు రోజుల పోటీ

మీ పక్క చెరువు రైతుతో కలిసి ఇద్దరి మీటర్లనూ ఒకే చోట, ఒకే లోతులో, ఒకే సమయంలో ముంచండి. మూడు రోజులు తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం అంకెలు రాయండి. డీఓలో 0.5కు మించి తేడా వస్తే రెండింటికీ గాలి పరీక్ష, సున్నా పరీక్ష చేయండి. ఏది తప్పో తేలిపోతుంది.

చెరువులోనే ఎప్పుడూ ఉండే సెన్సర్లకు నాచు, జిగురు పడతాయి. వారానికోసారి తుడవకముందు ఒక అంకె, తుడిచాక ఒక అంకె రాయండి. ఆ తేడా పెరుగుతుంటే ఇంకా తరచుగా తుడవాలి.

ల్యాబ్‌ను కూడా పరీక్షించవచ్చు

ఒకే బకెట్ నీటిని రెండు సీసాల్లో నింపి, రెండు వేర్వేరు చెరువుల పేర్లు రాసి ఇవ్వండి. ఫలితాలు దాదాపు ఒకేలా రావాలి. అమ్మోనియా సీసాలను ఐసులో పెట్టి అదే రోజు చేర్చండి. డీఓ, పీహెచ్ మాత్రం దారిలోనే మారిపోతాయి, వాటిని గట్టు మీదే కొలవాలి. ల్యాబ్‌లో వింక్లర్ పద్ధతిలో డీఓ చూడాలంటే చెరువు దగ్గరే సీసాలో రసాయనాలు కలిపి ఆక్సిజన్‌ను స్థిరపరచాలి. ఆ సీసాలు ల్యాబ్ వారినే అడగండి. పంట నష్టం, కాలుష్యం వంటి వివాదాలున్నప్పుడు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ నివేదిక తీసుకోవడం మంచిది. ఆ గుర్తింపు మీకు కావలసిన పరీక్షకే ఉందో లేదో కూడా అడగండి.

కొనేముందు అడగవలసినవి

- ఈ మోడల్‌ను కంపెనీ కాకుండా ఇంకెవరైనా పరీక్షించారా? ఏ నీటిలో, ఎన్ని రోజులు?
- మన సెలైనిటీలో పనిచేస్తుందా?
- పొర, క్యాప్, బఫర్లు దగ్గర్లో దొరుకుతాయా? ధర ఎంత?
- కొనకముందు నా ఎదురుగా గాలి పరీక్ష, సున్నా పరీక్ష చేసి చూపిస్తారా?

చివరి ప్రశ్నకు ఒప్పుకోని చోట కొనకపోవడమే మంచిది.

గుర్తుంచుకోవలసిన క్రమం

పీహెచ్ మీటరును వారానికోసారి, డీఓ మీటరుకు గాలి పరీక్ష వారానికోసారి, సున్నా పరీక్ష నెలకోసారి, ల్యాబ్‌తో పోలిక పంటకు కనీసం రెండుసార్లు చేయండి. తేదీ, మీటరు చూపిన అంకె, ఉండవలసిన అంకె ఈ మూడూ చెరువు పుస్తకంలో రాయండి. రొయ్యలు అంచులకు చేరినా, నీటిపైకి తేలినా మాత్రం మీటరు ఏమి చూపినా ఆగవద్దు. ముందు ఏరియేటర్లు వేయండి, మీటరు సంగతి తర్వాత చూసుకోవచ్చు.