పల్లేరు కషాయం, పెద్దల బిడియం

అరవై దాటిన పెద్దలు కొందరు మస్జిదుకు రావడం మానుకుంటారు. మూత్రం చుక్కలుగా పడి వుజూ నిలవదన్న బిడియంతో కారణం ఇంట్లోనైనా చెప్పరు. వయసుతో పెరిగిన ప్రోస్టేట్ గ్రంథి మూత్రనాళాన్ని నొక్కడం దీనికి తరచు మూలం.

యునానీ హకీములు పల్లేరు కాయలను, వారి మాటలో ఖారె ఖసక్‌ను, మూత్రం సాఫీగా రావడానికి తరతరాలుగా ఇస్తున్నారు. గుమ్మడి గింజలు తిన్నా తప్పులేదు. ఖరీదైన సా పామెట్టో మాత్రల సంగతి వేరు. అమెరికాలో 225 మందిపై ఏడాదిపాటు జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో అవి మందు లేని ఉత్తి మాత్రలకన్నా మేలు చేయలేదు.

మూత్రంలో రక్తం కనిపించినా, ధార పూర్తిగా ఆగినా కషాయాలతో కాలయాపన తగదు; వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (స) ఆదేశమే కదా!

ఇక వుజూ మాట. ఫర్జ్ నమాజు ముగించే వ్యవధి కూడా దొరకకుండా ఒక వేళంతా చుక్కలు పడితే, హనఫీ ఫిఖహ్ ఆ వ్యక్తిని మాజూర్‌గా పరిగణిస్తుంది. ప్రతి నమాజు వేళకు ఒక వుజూ చేసుకుంటే, ఆ చుక్కల వల్ల అది భంగం కాదు.