కారులో మద్దెల దరువు

అద్దాలు మూసిన కారు ఒకటి పాట పెట్టుకుని మీ వీధిలోంచి వెళుతోంది. అది ఏ పాటో మీకు తెలియదు. పాడే గొంతు వినపడదు, వేణువు వినపడదు. కాని "దబ్... దబ్..." అనే దరువు మాత్రం మీ ఇంట్లోకి వచ్చేస్తుంది. కిటికీ రెక్కలు కూడా సన్నగా అదురుతాయి. మిగతా పాటంతా కారులోనే వుండిపోయి, దరువు ఒక్కటే బయటికి ఎందుకు వచ్చింది?

కీచు ధ్వని బయటికి రావాలంటే కారు అద్దం, రేకు క్షణానికి వేలసార్లు అటూ ఇటూ ఊగాలి. బరువైన వస్తువు అంత తొందరగా ఊగదు. మంద్రధ్వని అయితే నెమ్మదిగా నెడుతుంది, నెమ్మదిగా లాగుతుంది. రేకుకి కదలడానికి వ్యవధి దొరుకుతుంది. అందుకని ఆ ధ్వని బయటపడుతుంది.

ఈ మంద్రధ్వనుల కోసమే కార్లలో ప్రత్యేకంగా ఒక స్పీకరు పెడతారు. దాని పేరు సబ్‌వూఫర్. ఇంగ్లీషులో కుక్క మొరుగుడుని 'వుఫ్' అంటారు. బొంగురు ధ్వనులు పలికే స్పీకరుకి దానిమీదనే వూఫర్ అని పేరొచ్చింది. అంతకంటే కింది స్థాయి ధ్వనులు పలికేది సబ్‌వూఫర్. పిట్టలాగా కిచకిచమనే చిన్న స్పీకరు ట్వీటర్.

ఎక్కువ గాలి కదలాలి

మన చెవి సుమారు 20 హెర్ట్జ్‌ల నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా వినగలదు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఒక కంపనం. సబ్‌వూఫర్‌కి అప్పగించేది ఇందులో అట్టడుగు భాగం, అంటే ఇంచుమించు 80 హెర్ట్జ్‌ల లోపు ధ్వనులు.

గాలిలో ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. 4,000 హెర్ట్జ్‌ల ధ్వని తరంగదైర్ఘ్యం ఎంతో లెక్క వేయండి. ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, అంటే మీ అరచెయ్యంత. అదే 40 హెర్ట్జ్‌ల ధ్వని అయితే ఎనిమిదిన్నర మీటర్లు! కారు పొడవుకి దాదాపు రెట్టింపు.

ఇక్కడ ఒక చిక్కు వుంది. ఒకే స్పీకరు 400 హెర్ట్జ్‌ల దగ్గర ఎంత పీడనం పుట్టిస్తుందో, 40 హెర్ట్జ్‌ల దగ్గర కూడా అంతే పుట్టించాలంటే, దాని శంకువు ముందుకీ వెనక్కీ కదిలే దూరం పది రెట్లు కాదు, వంద రెట్లు పెరగాలి. పైగా మంద్రధ్వనుల విషయంలో మన చెవి కాస్త మందం కూడా. కాబట్టి సబ్‌వూఫర్‌కి వెడల్పయిన శంకువు వుండాలి, అది చాలా దూరం కదలాలి. శంకువు బరువుగా కూడా వుంటుంది. మృదంగం వాయించేవారు ఎడమ వైపు తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు, చూశారా? చర్మం బరువెక్కి నెమ్మదిగా కంపిస్తుంది. మోత గంభీరమవుతుంది. ఇక్కడా అదే కిటుకు.

ఒక ప్రయోగం

పాడయిన రేడియోలోంచి ఒక స్పీకరు తీసుకోండి. టార్చిలైటు సెల్లుకి రెండు తీగలు కలిపి, వాటి చివర్లని స్పీకరు కొసలకి ఒక్క క్షణం తాకించండి. 'టక్' మంటూ శంకువు ముందుకి వస్తుంది. తీగలు తారుమారు చేసి తాకిస్తే వెనక్కి పోతుంది. స్పీకరు లోపల అయస్కాంతం మధ్య ఒక తీగచుట్ట వుంది. దానిలో విద్యుత్తు ప్రవహించే దిక్కుని బట్టి శంకువు ముందుకో వెనక్కో కదులుతుంది. ఈ పద్ధతి స్పీకరుని అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో ప్రకటించారు. నేటి కారు స్పీకర్లలోనూ అదే సూత్రం.

ఇప్పుడు అదే స్పీకరుని మోగుతున్న చిన్న రేడియోకి తగిలించి, చేత్తో పట్టుకుని వినండి. గొంతు పీలగా వుంటుంది. పెద్ద అట్టకి రంధ్రం చేసి, స్పీకరు ముఖాన్ని దానికి ఆనించి వినండి. గొంతు గంభీరమవుతుంది. కారణం ఏమిటంటే, శంకువు ముందువైపు గాలిని నొక్కుతున్నప్పుడు వెనకవైపు గాలి పలచబడుతుంది. అడ్డం లేకపోతే ముందరి గాలి చుట్టూ తిరిగి వెనక్కి జారుకుంటుంది. నొక్కుడూ పలచనా కలిసి సున్నా! అందుకే సబ్‌వూఫర్‌ని పెట్టెలో బిగిస్తారు. మూసిన పెట్టెలోని గాలి స్ప్రింగులా శంకువుని వెనక్కి నెడుతూ వుంటుంది. పెట్టె మరీ చిన్నదయితే ఆ స్ప్రింగు బిగుసుకుపోతుంది, అట్టడుగు ధ్వనులు తగ్గిపోతాయి. కాబట్టి పాత పెట్టెలో ఏ కొత్త స్పీకరు పడితే అది పెట్టకూడదు.

ఆరుంబావు వాట్లు

కారుతో వచ్చిన సబ్‌వూఫర్ నచ్చక కొందరు స్పీకరు మాత్రం మారుస్తారు. డబ్బు పోస్తారు. తీరా వింటే మోత పెరగదు. ఒక్కోసారి తగ్గుతుంది కూడా! కొత్తదాని శంకువు మరింత బరువు. దాన్ని కదపడానికి ఎక్కువ శక్తి కావాలి. ఆ శక్తి వచ్చేదెక్కడినుంచి?

ఇంజను నడుస్తున్నప్పుడు కారులో దొరికేది సుమారు 14 వోల్టులు. మామూలు యాంప్లిఫైయరులో ఇది సగం పైకి, సగం కిందికి పంచుకోవాలి. అంటే తరంగ శిఖరం 7 వోల్టులు. దాని పనిచేసే విలువ 7ని 1.4తో భాగిస్తే వచ్చే 5 వోల్టులు. వోల్టుల వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి. స్పీకరు 4 ఓమ్‌లయితే, 25ని 4తో భాగించండి. ఆరుంబావు వాట్లు, అంతే!

రెండు యాంప్లిఫైయర్లని ఎదురెదురుగా కట్టి, ఒకటి నెట్టేటప్పుడు రెండోది లాగేట్టు చేస్తే వోల్టులు రెట్టింపయి, వాట్లు నాలుగింతలవుతాయి. మధ్యలో పోయేవి పోగా 20 వాట్ల దాకా దక్కుతాయి. అంతకు మించి అడిగితే తరంగ శిఖరాలు కత్తితో కోసినట్టు తెగిపోతాయి. పాట బరబరమంటుంది.

వోల్టులు పెంచే యంత్రం

మరి వేరే యాంప్లిఫైయరు ఏం చేస్తుంది? 4 ఓమ్‌ల స్పీకరుకి 200 వాట్లు ఇవ్వాలంటే 28 వోల్టులు కావాలి. తరంగ శిఖరం 40 వోల్టులు. బ్యాటరీలో అన్ని లేవు. ట్రాన్స్‌ఫార్మరుతో పెంచుదామంటే, బ్యాటరీది ఏకముఖ విద్యుత్తు. ట్రాన్స్‌ఫార్మరుకి అది పనికిరాదు. అందుకని యాంప్లిఫైయరు పెట్టెలోని ట్రాన్సిస్టర్లు ఆ విద్యుత్తుని సెకనుకి వేలాదిసార్లు తెంచి కలుపుతాయి. అలా తునకలయిన విద్యుత్తు చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పోయి వోల్టులు పెంచుకుంటుంది. తర్వాత డయోడ్లు దాన్ని మళ్ళీ ఏకముఖం చేస్తాయి. పాట తాలూకు సన్నని సంకేతాన్ని స్టీరియో నుంచి తీసుకుని, ఈ ఎక్కువ వోల్టుల సాయంతో పెద్దది చేస్తారు. ముందుగా ఒక వడపోత 80 హెర్ట్జ్‌లకి పైనున్న ధ్వనుల్ని ఆపేస్తుంది.

తీగ కూడా లెక్కలోదే

వాట్లు ఊరికే రావు. 200 వాట్లు ఇచ్చే యాంప్లిఫైయరు, నూటికి 80 పాళ్ళు సద్వినియోగం చేసినా, బ్యాటరీ నుంచి 250 వాట్లు లాగుతుంది. 14 వోల్టులతో భాగిస్తే దాదాపు 18 ఆంపియర్లు. ఇంతటి ప్రవాహాన్ని సన్నతీగలో పంపితే ఏమవుతుంది? తీగ నిరోధం ఒక ఓమ్‌లో పదోవంతే అనుకోండి. 18ని 18తో గుణించి, పదోవంతు చేయండి. 32 వాట్లు! రేడియో మెకానిక్ వాడే సోల్డరింగ్ ఐరన్ అంత వేడిని తీగ పొడవునా పరిచినట్టు. తివాచీ కింద, సీటు కింద పోయే తీగ అది. అందుకే లావుపాటి రాగితీగ వెయ్యాలి.

తీగ తొడుగు ఒరుసుకుపోయి కారు రేకుకి తగిలితే బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు కక్కుతుంది. నిప్పు పుట్టడానికి క్షణం చాలు. కాబట్టి బ్యాటరీకి మూరెడు దూరంలోపే ఫ్యూజు వుండాలి. ఫ్యూజుని యాంప్లిఫైయరు దగ్గర మాత్రమే పెడితే, మధ్యనున్న తీగకి కాపలా ఎవరు? తీగకి తగిన ఫ్యూజే వెయ్యాలి. అది కాలిపోతోందని పెద్దది వెయ్యడం కాపలావాడిని నిద్రపుచ్చడమే. పని మొదలెట్టే ముందు బ్యాటరీ రుణధ్రువం తీగ విప్పడం మరువకూడదు.

చెవి మాట

20 వాట్ల నుంచి 200 వాట్లకి వెళితే మోత పది రెట్లు వినిపిస్తుందా? లేదు. 10 డెసిబెళ్ళు పెరుగుతుంది. చెవికి అది ఇంచుమించు రెట్టింపుగా తోస్తుంది. చిన్న మూసిన కారులో మంద్రధ్వని మరీ బలపడుతుంది కాబట్టి చాలామందికి కొద్ది వాట్లే చాలు.

లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలు వుంటాయి. మనిషికి అవి ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వారానికి 80 డెసిబెళ్ళయితే 40 గంటలు, 90 డెసిబెళ్ళయితే 4 గంటలే హద్దు. చెవిలో గుయ్‌మని మోగితే హద్దు దాటినట్టే. కారు నడిపేవారికి అంబులెన్సు కూత వినపడకపోతే అది మరొకరి ప్రాణం మీదికి వస్తుంది. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు ఇళ్ళుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళని పరిమితిగా పెట్టాయి.

మీ ఇంట్లో ఎవరైనా కారుకి సబ్‌వూఫర్ వేయిస్తుంటే మెకానిక్‌ని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. పెట్టె ఈ స్పీకరుకి సరిపోతుందా? స్పీకరు ఓమ్‌లు యాంప్లిఫైయరు భరించగలదా? తీగ ఎన్ని ఆంపియర్లకి తగింది? ఫ్యూజు బ్యాటరీకి ఎంత దూరంలో పెట్టారు? నాలుగింటికీ సరైన జవాబు వస్తే, ఇక దరువు వినండి. పక్కింటివారికి వినపడనంత మెల్లగా!