రైతు నీళ్ల మీద షికారు

డెన్వర్ నుంచి మా మేనల్లుడి కుటుంబం సంక్రాంతికి దిగింది. వాడికి ఇద్దరు పిల్లలు. వాళ్ల లెక్కలో జనవరి అంటే స్కీయింగ్. ఇంటి నుంచి వంద మైళ్లు కారులో పోతే వేల్ అనే కొండ ఊరు వస్తుంది. 1962లో మొదలైన రిజార్టు అది. 5,317 ఎకరాల మంచు వాలు. లిఫ్టులో కూర్చుంటే పదకొండు వేల అడుగుల ఎత్తుకు తీసుకుపోయి వదుల్తుంది, అక్కణ్ణుంచి కాళ్లకు పలకలు కట్టుకుని జారుకుంటూ రావడమే. రద్దీ రోజున అక్కడికక్కడే టికెట్ కొంటే మనిషికి మూడొందల డాలర్లు దాటుతుందట. అరిసెల పాకం పట్టే ఇల్లాలు వింటే గరిటె జారవిడుస్తుంది.

ఆ సరదా పోగొట్టుకుని వచ్చినందుకు పెద్దవాడు మొహం ముడుచుకుని కూర్చున్నాడు. "తాతయ్యా, ఇక్కడ రిజార్టే లేదా?" అన్నాడు.

"ఎందుకు లేదురా, ఉంది. లిఫ్టు బదులు పడవ ఎక్కాలి, అంతే" అన్నాను.

భవానీపురం పున్నమి ఘాట్‌లో లైఫ్ జాకెట్లు తొడిగించుకుని భవానీ ఐలాండ్‌కి బయల్దేరాం. పొద్దున తొమ్మిదవుతున్నా నది మీద మంచు విడలేదు. పిల్లకి జాకెట్ మోకాళ్ల దాకా వచ్చింది. ఆ జాకెట్ దగ్గర మాత్రం ఎవరూ మొహమాటపడకూడదు. 2017 నవంబరు 12న ఇదే నీళ్లలో, ఎగువన ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. కార్తీక మాసం, ఆదివారం, కుటుంబాలతో వచ్చినవాళ్లు. బెజవాడ వాళ్లు పడవ ఎక్కేటప్పుడు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటారు.

ఐలాండ్ మొత్తం 133 ఎకరాలు. వేల్ పక్కన పెడితే పెరటి మడి. చెట్ల నీడ, పిల్లల ఆటలు, బోటు షికార్లు, రాత్రి ఉండేవాళ్లకు కాటేజీలు. మేం పులిహోర, చేగోడీలు డబ్బాల్లో పట్టుకుపోయాం. గట్టు మీద దుప్పటి పరిచి కూర్చుంటే వెనక ఇంద్రకీలాద్రి, అవతల గుంటూరు వైపు ఉండవల్లి, ఆ పక్కన రాజధాని గ్రామాలు. నీళ్లు మాత్రం కదల్లేదు. అద్దంలా పడుకున్నాయి.

"ఇది నది కదా, ఎందుకు పారట్లేదు?" అంది చిన్నది.

ఐలాండ్ గురించి అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. మహాబలేశ్వరం దగ్గర పుట్టి పధ్నాలుగు వందల కిలోమీటర్లు నడిచే నది ఇక్కడ నిలబడిందంటే ఎవరో నిలబెట్టారు. 1832-33లో డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. పక్కనే కృష్ణ పారుతున్నా పొలానికి చుక్క ఎక్కలేదు. ఆ తర్వాత కాటన్ ఆలోచన, కెప్టెన్ ఓర్ పనితనం కలిసి 1852-55 మధ్య బెజవాడకీ సీతానగరానికీ నడుమ ఆనకట్ట లేచింది. దాదాపు వందేళ్లు మోసి 1952 వరదలో దానికి గండి పడింది. దాని బదులు కట్టిందే ప్రకాశం బ్యారేజీ. 70 గేట్లు, పైన రోడ్డు, 1957లో పూర్తయింది. టంగుటూరి ప్రకాశం కన్నుమూసింది కూడా ఆ ఏడే.

గేట్లు దించితే వెనక మూడు టీఎంసీలకు కాస్త పైన నీళ్లు నిలుస్తాయి. ఇవి మన షికారు కోసం ఆపినవి కావు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అవతల గుంటూరు వైపు కాలువలు, అన్నీ కలిసి పదమూడు లక్షల ఎకరాల దాకా తడపాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం కూడా ఈ నీళ్లతోనే చల్లబడుతుంది. 2015 నుంచి పట్టిసీమ నీళ్లు సంగమం దగ్గర కలుస్తున్నాయి కాబట్టి, వేసవి దాటిన కొత్తలో వస్తే కృష్ణలో గోదావరి మీద పడవెక్కినట్టే.

మన బోటు షికారు, దసరాకి అమ్మవారి హంస వాహనం, 2024 నవంబరులో పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ఎగిరిన సీ ప్లేన్, అన్నీ పొలానికి పోవాల్సిన నీళ్ల మీద కాసేపు జరిగే ముచ్చట్లే. వేల్‌లో మంచు పడకపోతే రిజార్టు దిగులు పడుతుంది. ఇక్కడ తిరకాసు వేరు. నీళ్లు ఎక్కువైతే దిగులు. ఎగువన శ్రీశైలం, సాగర్, పులిచింతల నిండి గేట్లెత్తారంటే ఇక్కడ బోట్లు ఒడ్డుకు కట్టేస్తారు. తెప్పోత్సవం నాడు ప్రవాహం జోరుగా ఉంటే హంస వాహనం కూడా ఒడ్డునే ఉండిపోతుంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ చూడలేదు. ఐలాండ్ మునిగింది, తెగిపోయి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్దాయి. ఇవతల బుడమేరు సింగ్ నగర్‌ని ముంచింది. లంక అన్నాక ఇవన్నీ ఉంటాయి. నది తెచ్చి పోసిన మట్టే ఇది, అప్పుడప్పుడూ వచ్చి తనదేనని చెప్పి పోతుంది.

ఇదంతా పిల్లలకి చెప్పబోతే మా మేనల్లుడు అందుకున్నాడు. వాడు నీటి లెక్కలు చూసే ఇంజనీరు. వేల్ కొండ మంచు ఎండాకాలానికి కరిగి గోర్ క్రీక్‌లోకి, అందులోంచి ఈగిల్ నదిలోకి, ఆపైన కొలరాడో నదిలోకి పోతుందట. చివరికి ఎక్కడో కాలిఫోర్నియాలో ఇంపీరియల్ లోయ మళ్లకి చేరుతుంది. "మావయ్యా, అక్కడ మేం జారేది కూడా రైతు నీళ్ల మీదే" అన్నాడు. పదేళ్ల నుంచి వాడి స్కీయింగ్ ఫోటోలు చూస్తున్నందుకు ఈ మాటతో నాకు ఫలితం దక్కింది.

తిరుగు పడవలో అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన పెద్దాయన మా పక్కన కూర్చున్నాడు. మనవళ్లని ఐలాండ్ చూపించడానికి తెచ్చాడట. వాళ్లు సెల్ఫీల్లో మునిగి ఉంటే, ఆయన మాత్రం దిగువన బ్యారేజీ వైపే చూస్తున్నాడు.

"పన్నెండడుగులు ఉన్నట్టుందండీ. దాళ్వాకి వదుల్తారంటారా?"

నాకేం తెలుసు. మా పెద్దవాడు అడిగాడు, "దాళ్వా అంటే ఏంటి తాతయ్యా?"

నేను నోరు తెరిచేలోగా ఆయనే వాడి భుజం మీద చెయ్యేసి గేట్ల కేసి తిప్పాడు. "రెండో పంట బాబూ. అదిగో, ఆ పక్కన కాలువ మొదలవుతుంది చూడు. అక్కణ్ణుంచి మా ఊరికి నీళ్లు ఎన్ని రోజులకి వస్తాయో చెప్తా, ఉండు."

ఘాట్ వచ్చేసింది. వాడు దిగనంటున్నాడు.